నిరుద్యోగ బీమా: ఒక్క మాట వెనుక మూడు నిర్ణయాలు

అమెరికాలో ఉద్యోగం పోయిన మనిషి నిరుద్యోగ బీమాకు పెట్టుకునే దరఖాస్తు మీద ప్రభుత్వం ఒకటి కాదు, మూడు నిర్ణయాలు తీసుకుంటుంది. ఆ మూడూ వేర్వేరు ఆధారాల మీద, వేర్వేరు వేగాలతో నడుస్తాయి. అయితే దరఖాస్తుదారు తన ఖాతా తెరిచి చూసినప్పుడు ఈ మూడింటికీ కలిపి తెర మీద కనిపించేది తరచుగా ‘పెండింగ్’ అన్న ఒక్క మాట మాత్రమే. ఏ నిర్ణయం ఆగింది, ఎవరి దగ్గర ఆగింది, అది కదలాలంటే ఎవరు ఏం చేయాలి అన్న సంగతులు ఆ మాటలో ఉండవు. జీతం ఆగిపోయి, ఇంటి అద్దె కట్టాల్సిన తేదీ దగ్గర పడుతున్న కుటుంబానికి ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే నిరుద్యోగ బీమా చట్టాలు ఇచ్చిన హక్కుల్లో చాలావాటికి గడువులు ఉన్నాయి, గడువు ఎప్పుడు మొదలైందో తెలియనివాడికి హక్కు ఉన్నా లేనట్టే. దరఖాస్తు స్థితిని తెలుసుకోవడం పైకి ఒక సాంకేతిక సౌకర్యంలా కనిపించినా అది బీమా హక్కులోనే అంతర్భాగమనీ, ప్రభుత్వాలు దాన్ని అలా చూడని చోట తప్పులు వేల కుటుంబాలను ముంచేదాకా బయటపడవనీ చెప్పడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి.

మహామాంద్యం రోజుల్లో, 1932లో, విస్కాన్సిన్ రాష్ట్రం ఆ దేశంలో తొలి నిరుద్యోగ బీమా చట్టం చేసింది. 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సామాజిక భద్రతా చట్టం ఆ ఆలోచనను దేశమంతటికీ విస్తరించింది గానీ, దాన్ని కేంద్రం నేరుగా నడిపే పథకంగా మలచలేదు. కేంద్రం కొన్ని షరతులు పెట్టి పాలనా ఖర్చుకు నిధులిస్తే, రాష్ట్రాలు తమ తమ చట్టాలతో నడుపుకొనే ఏర్పాటుగా మలిచింది. ఫలితంగా 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, అమెరికన్ వర్జిన్ దీవులు కలిపి నేడు 53 వేర్వేరు పథకాలు నడుస్తున్నాయి. మిసిసిపీలో వారానికి గరిష్ఠంగా అందేది 235 డాలర్లయితే, వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ పరిమితి వెయ్యి డాలర్లు దాటింది. చాలా రాష్ట్రాలు 26 వారాల వరకు చెల్లిస్తుండగా, నిరుద్యోగం తక్కువగా ఉన్న కాలంలో ఫ్లోరిడా 12 వారాలతో సరిపెడుతుంది. కాబట్టి ఒక రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి అనుభవాన్ని బట్టి మరో రాష్ట్రంలో తన దరఖాస్తు భవిష్యత్తును ఊహించుకోవడం చాలామంది చేసే మొదటి పొరపాటు.

ఈ బీమాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తేనే దరఖాస్తు ఎందుకు ఆగుతుందో అర్థమవుతుంది. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మినహాయిస్తే ఉద్యోగి జీతం నుంచి దీనికి కోత ఉండదు, నిధి మొత్తం యజమానులు చెల్లించే పన్నుతోనే నిండుతుంది. ఆ పన్ను అందరికీ ఒకే రేటు కాదు. ఒక సంస్థ నుంచి బయటికి వచ్చినవారు ఎంత ఎక్కువగా బీమా సొమ్ము పొందితే ఆ సంస్థ మీద రేటు అంతగా పెరుగుతుంది. దీనినే అనుభవాన్ని బట్టి రేటు నిర్ణయించడం అంటారు. అయినదానికీ కానిదానికీ ఉద్యోగులను తొలగించకుండా యజమానులను అదుపులో పెట్టడం దీని ఉద్దేశం కాగా, ఆచరణలో అది ప్రతి దరఖాస్తులోనూ యజమానిని ప్రతివాదిగా నిలబెట్టింది. దరఖాస్తులను సవాలు చేసే పనిని పెద్ద సంస్థలు బయటి ఏజెన్సీలకు అప్పగించే పద్ధతి కూడా అక్కడ స్థిరపడింది. దరఖాస్తుదారుకు తెర మీద కనిపించే నిశ్శబ్దం వెనుక, తరచుగా, పాత యజమాని రాసిన ఒక అభ్యంతరం ఉంటుంది.

మూడు నిర్ణయాల్లో మొదటిది డబ్బు లెక్క. దరఖాస్తుదారు గతంలో తగినంత జీతం సంపాదించాడా, సంపాదిస్తే వారానికి ఎంత రావాలి అన్నది ‘ఆధార కాలం’ అనే ఏడాది వ్యవధిలోని జీతాలను బట్టి తేలుతుంది. సాధారణంగా, అప్పటికి పూర్తయిన చివరి ఐదు త్రైమాసికాలలో మొదటి నాలుగింటిని ఆధార కాలంగా తీసుకుంటారు. ఒక వ్యక్తి 2024 మే నెలలో దరఖాస్తు చేస్తే లెక్కలోకి వచ్చేవి 2023 జనవరి నుంచి డిసెంబరు వరకు వచ్చిన జీతాలే. ఆ తర్వాతి నాలుగైదు నెలల సంపాదన లెక్కకు రాదు. యజమానులు జీతాల వివరాలను మూడు నెలలకొకసారి దాఖలు చేస్తారు కాబట్టి ఈ వెనుకబాటు తప్పలేదు. ఇలా లెక్కించినప్పుడు అర్హత రానివారి కోసం ఇటీవలి త్రైమాసికాన్ని కూడా కలుపుకొనే ప్రత్యామ్నాయ ఆధార కాలాన్ని అనేక రాష్ట్రాలు తెచ్చాయి. ఈ లెక్క పూర్తవగానే వారానికి ఇన్ని డాలర్లు అని చెప్పే పత్రం ఇంటికి వస్తుంది. చాలామంది దాన్ని మంజూరు పత్రంగా భావించి ఊపిరి పీల్చుకుంటారు. ఆ పత్రం చెప్పేదల్లా, మిగతా అర్హతలన్నీ ఉన్నాయని తేలితే ఎంత వస్తుందన్నదే. రెండు వారాల తర్వాత ఖాతాలో సొమ్ము పడకపోతే ‘మంజూరైన డబ్బు ఆపేశారు’ అన్న కోపం పుట్టడానికి కారణం, ఈ తేడాను ఆ పత్రం ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో చెప్పి ఊరుకోవడమే.

రెండో నిర్ణయం ఉద్యోగం ఎలా పోయిందన్నది, దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పని లేక సంస్థ తొలగించినట్లయితే చిక్కు ఉండదు. ఉద్యోగి తనంతట తాను మానేసినా, దుష్ప్రవర్తన కారణంగా తొలగించామని యజమాని చెప్పినా విషయం విచారణాధికారి దగ్గరికి వెళుతుంది. దుష్ప్రవర్తనను నిరూపించే బాధ్యత సాధారణంగా యజమానిది. మానేయడానికి తగిన కారణం ఉందని చూపించే బాధ్యత ఉద్యోగిది. పని సరిగా చేయలేకపోవడం దుష్ప్రవర్తన కిందికి రాదనీ, తెలిసి తెలిసి నియమాన్ని ఉల్లంఘించడమే దుష్ప్రవర్తన అనీ చాలా రాష్ట్రాల న్యాయస్థానాలు స్పష్టం చేశాయి. ఈ భేదం తెలియని దరఖాస్తుదారు ప్రశ్నావళిలో ‘నా తప్పు వల్లే తీసేశారు’ అని నిజాయతీగా రాసి, అర్హత ఉన్నా తన కేసును తానే బలహీనపరుచుకుంటాడు. అధికారి రెండు పక్షాలకూ ఫోన్ చేసి, కాగితాలు అడిగి, నిర్ణయం రాసేంత వరకు తెర మీద స్థితి మారదు. అధికారి ఫోన్ చేసినప్పుడు గుర్తు తెలియని నంబరని ఎత్తకపోతే, ఉన్న సమాచారంతోనే నిర్ణయం వెలువడుతుంది.

మూడోది వారం వారం తీసుకునే నిర్ణయం. దరఖాస్తు ఒకసారి పెట్టి ఊరుకుంటే సరిపోదు. ప్రతి వారానికీ, కాలిఫోర్నియా వంటి చోట్ల రెండు వారాలకొకసారి, తాను పనికి సిద్ధంగా ఉన్నాననీ, పని వెతుకుతున్నాననీ, ఆ వారం ఇంత సంపాదించాననీ లేదా ఏమీ సంపాదించలేదనీ ధ్రువీకరించాలి. చిన్నాచితకా పని చేసి ఉంటే, డబ్బు చేతికి వచ్చిన వారంలో కాక పని చేసిన వారంలోనే, కోతలకు ముందున్న మొత్తాన్ని చూపించాలన్నది సాధారణ నియమం. ఇందులో జరిగే పొరపాట్లే తర్వాత ‘అధిక చెల్లింపు’ నోటీసులుగా తిరిగివస్తాయి. చాలా రాష్ట్రాల్లో అర్హత ఉన్న మొదటి వారానికి డబ్బు ఇవ్వరు, దాన్ని నిరీక్షణ వారం అంటారు. ఆ వారానికి ఎదురుగా సున్నా కనిపిస్తే దరఖాస్తు తిరస్కరణకు గురైందని అనుకోనక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నా, తిరస్కరణ మీద అప్పీలు నడుస్తున్నా వారపు ధ్రువీకరణ ఆపకూడదు. అప్పీలు గెలిచినప్పుడు పాత బకాయి వచ్చేది ధ్రువీకరించిన వారాలకే. గెలిచి కూడా నష్టపోయేవాళ్లు ఇక్కడే తయారవుతారు, తెర మీది ‘పెండింగ్’ మాత్రం ఈ విషయంలో వాళ్లను హెచ్చరించదు.

చట్టం దృష్టిలో ఈ మాటకు ఎంత విలువ ఉందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1935 నాటి చట్టం రాష్ట్రాల మీద రెండు ప్రధాన బాధ్యతలు పెట్టింది: బీమా సొమ్ము ఇవ్వాల్సిన సమయానికి పూర్తిగా అందేలా చూసే పాలనా పద్ధతులు ఉండాలి, తిరస్కరణకు గురైనవారికి నిష్పాక్షికమైన ట్రిబ్యునల్ ముందు తమ వాదన చెప్పుకొనే అవకాశం ఉండాలి. ‘ఇవ్వాల్సిన సమయం’ అంటే ఏమిటన్న ప్రశ్న 1971లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అర్హత ఉందని అధికారి తేల్చిన తర్వాత కూడా యజమాని అప్పీలు చేస్తే చెల్లింపు ఆపేసే పద్ధతి అప్పట్లో కాలిఫోర్నియాలో ఉండేది. జావా కేసుగా పేరుపడిన ఆ వివాదంలో ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాసిన తీర్పు ఆ పద్ధతిని కొట్టివేస్తూ, ఇరుపక్షాలకూ నోటీసు ఇచ్చి వాదన విన్న తర్వాత పాలనాపరంగా వీలైన తొలి దశలోనే డబ్బు అందాలని స్పష్టం చేసింది. తొలి చెల్లింపులలో కనీసం 87 శాతం, నిరీక్షణ వారం ఉన్న రాష్ట్రాల్లో 14 రోజుల్లో, లేని రాష్ట్రాల్లో 21 రోజుల్లో జరగాలన్న కొలమానాన్ని కేంద్ర నిబంధనలు పెట్టాయి. ఈ లెక్కలో నోటీసుకూ నిర్ణయానికీ చెల్లింపుకూ చోటుంది, పెండింగ్ అనే అవస్థకు చట్టబద్ధమైన హోదా ఏదీ లేదు. అప్పీలు చేయడానికి రాతపూర్వక నిర్ణయం కావాలి. నిర్ణయమే రాకపోతే అప్పీలుకూ దారి ఉండదు. ఒకసారి నిర్ణయం వచ్చిందంటే, అది తపాలాలో వేసిన తేదీ నుంచి టెక్సాస్‌లో 14 రోజులు, ఫ్లోరిడాలో 20, కాలిఫోర్నియాలో 30 రోజులు గడియారం నడుస్తుంది. నెలల తరబడి కదలని స్థితి ఒక్కసారిగా ఇలా పరుగు తీసే స్థితిగా మారడం ఈ వ్యవస్థలోని విచిత్రాలలో ఒకటి.

తెర మీది స్థితిని ఎవరూ చూడకపోతే ఏమవుతుందన్నది మిషిగన్ రాష్ట్రం చూపించింది. అక్కడి బీమా సంస్థ 2013 అక్టోబరులో మిడాస్ అనే కంప్యూటర్ వ్యవస్థను ప్రవేశపెట్టి, మోసాలను పట్టుకునే పనిని దానికి అప్పగించింది. ఉద్యోగి చెప్పిన సంపాదనకూ యజమాని దాఖలు చేసిన సంపాదనకూ తేడా వస్తే చాలు, ఆ వ్యవస్థ దాన్ని మోసంగా అనుమానించేది. త్రైమాసికం మొత్తం వచ్చిన జీతాన్ని వారాలన్నిటికీ సమానంగా పంచి, పని లేని వారాల్లో కూడా ఆ మనిషి సంపాదించినట్లు లెక్కగట్టిన సందర్భాలు ఎన్నో. వివరణ కోరే ప్రశ్నావళి దరఖాస్తుదారు ఆన్‌లైన్ ఖాతాకు వెళ్లేది. ఎప్పుడో బీమా పొంది, మళ్లీ ఉద్యోగంలో చేరి, ఆ ఖాతా వైపు చూడడం మానేసినవారికి అది చేరేదే కాదు. పది రోజుల్లో జవాబు రాకపోతే మోసం రుజువైనట్టే. తీసుకున్న సొమ్ముకు నాలుగు రెట్ల జరిమానా, దాని మీద వడ్డీ, ఆపైన జీతం నుంచి కోత, పన్ను వాపసు జప్తు. 2015 వరకు ఇలా సుమారు 40,000 మందిపై మోసగాళ్లన్న ముద్ర పడింది. మనిషి ప్రమేయం లేకుండా కంప్యూటరే తేల్చిన 22,427 కేసులను రాష్ట్రం తర్వాత తిరిగి పరిశీలిస్తే 93 శాతం తప్పని తేలింది. బాధితులు వేసిన బాసర్‌మన్ కేసులో, రాజ్యాంగ హక్కులకు భంగం కలిగించినందుకు రాష్ట్రం నుంచి నష్టపరిహారం కోరవచ్చని మిషిగన్ సుప్రీంకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. ఆ వివాదం 2 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది.

దీన్ని చెడ్డ సాఫ్ట్‌వేర్ కథగా కొట్టిపారేయడం తేలిక. కానీ అక్కడ అసలు విఫలమైంది నోటీసు. ఖాతాలో సందేశం పెట్టడమే మనిషికి తెలియజేయడంతో సమానమని ప్రభుత్వం అనుకుంది. ఆస్ట్రేలియాలో రోబోడెట్ పేరుతో అపఖ్యాతి పాలైన పథకం కూడా ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సగటున పంచి లేని బాకీలు సృష్టించింది, 2023లో రాయల్ కమిషన్ దాన్ని తీవ్రంగా ఖండించింది. ఖండాలు వేరైనా నడిచిన తీరు ఒకటే: నిర్ణయం యంత్రం తీసుకుంటుంది, తప్పు లేదని నిరూపించుకునే భారం పేదవాడి మీద పడుతుంది, ఆ భారం తన మీద ఉన్న సంగతే అతనికి ఆలస్యంగా తెలుస్తుంది.

2020 నాటి మహమ్మారి ఇదే సమస్యను దేశవ్యాప్తం చేసింది. అంతకుముందు ఒక వారంలో వచ్చిన కొత్త దరఖాస్తుల రికార్డు 1982 అక్టోబరు నాటి సుమారు 7 లక్షలు. 2020 మార్చి ఆఖరి వారంలో అవి 60 లక్షలు దాటాయి. అప్పటి న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ దశాబ్దాల నాటి కోబాల్ అనే కంప్యూటర్ భాష తెలిసినవారు సాయానికి రావాలని బహిరంగంగా కోరాల్సి వచ్చింది. కాలిఫోర్నియా పేరుకుపోయిన దరఖాస్తులను తేల్చుకోవడానికి సెప్టెంబరులో రెండు వారాలపాటు కొత్తవి తీసుకోవడమే ఆపింది. అదే సమయంలో దొంగిలించిన గుర్తింపులతో భారీ మోసాలూ జరిగాయి. 2020 ఏప్రిల్ నుంచి 2023 మే వరకు అన్ని రకాల మోసాల్లో పోయిన సొమ్ము 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల మధ్య ఉండవచ్చని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం అంచనా వేసింది. ఈ మోసాలకు విరుగుడుగా గుర్తింపు తనిఖీలు పెరిగాయి. ఇవి అవసరమే. అయితే పేరులో ఒక అక్షరం తేడా వచ్చి ఆగిన దరఖాస్తుకూ, యజమాని అభ్యంతరంతో ఆగిన దరఖాస్తుకూ, జీతం వివరాలు అందక ఆగిన దరఖాస్తుకూ ఒకే స్థితిని చూపించినప్పుడు, మొదటివాడు తన గుర్తింపు పత్రం పంపితే ఒక్క రోజులో తీరే సమస్యకు నెలల తరబడి ఫోన్‌లో వరుసలో నిలబడతాడు.

అమెరికాలోని తెలుగువారిలో చాలామందికి ఈ వ్యవస్థతో ఉన్న సంబంధం మరింత చిక్కైనది. హెచ్-1బీ వీసా మీద పనిచేసేవారి జీతంపై యజమాని నిరుద్యోగ పన్ను చెల్లిస్తూనే ఉంటాడు. కానీ ఉద్యోగం పోయాక బీమా పొందాలంటే ఏ సంస్థలోనైనా వెంటనే పనిలో చేరడానికి చట్టబద్ధంగా సిద్ధంగా ఉండాలి. ఆ వీసా ఇచ్చే పని అనుమతి ఒక యజమానికే కట్టుబడి ఉంటుంది కాబట్టి, ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిస్తూ 2017 నుంచి అమల్లో ఉన్న 60 రోజుల వెసులుబాటు కాలంలో కూడా డబ్బు లెక్క ప్రకారం అర్హులైనవారు పనికి సిద్ధంగా ఉండాలన్న మూడో నిర్ణయం దగ్గర సాధారణంగా ఆగిపోతారు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పని అనుమతి పత్రం పొందిన హెచ్-4 జీవిత భాగస్వాములకు ఈ అడ్డంకి లేదు. వారి వలస హోదాను కేంద్రం నడిపే సేవ్ అనే వ్యవస్థ ద్వారా రాష్ట్రం సరిచూసుకోవాలి, కొంత ఆలస్యం అక్కడ జరుగుతుంది. చదువు పూర్తిచేసి ఎఫ్-1 విద్యార్థి హోదాలో కొంతకాలం పని చేసినవారి జీతాలకు సాధారణంగా ఈ పన్ను వర్తించదు కాబట్టి, అవి ఆధార కాలంలో కనిపించకపోవచ్చు. బీమా తీసుకుంటే గ్రీన్‌కార్డుకు ఇబ్బంది అన్న భయం మాత్రం నిరాధారమైనది, ఎందుకంటే ఇది ఉద్యోగం ద్వారా సంపాదించుకున్న హక్కేననీ, ప్రభుత్వంపై ఆధారపడడం కిందికి రాదనీ వలస అధికారులు పరిగణిస్తారు.

భారతదేశంలో ఈ బీమాకు దగ్గరగా ఉన్నది రాష్ట్రాలు ఎన్నికల ముందు ప్రకటించే నిరుద్యోగ భృతి కాదు, కార్మిక రాజ్య బీమా సంస్థ అంటే ఈఎస్ఐ కింద 2018 జులై 1న ప్రయోగాత్మకంగా మొదలై పలుమార్లు పొడిగింపు పొందిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. మొదట సగటు రోజువారీ సంపాదనలో 25 శాతంగా ఉన్న సాయాన్ని మహమ్మారి కాలంలో 50 శాతానికి పెంచారు, ఉద్యోగం పోయాక 90 రోజులు ఆగాల్సిన చోట 30 రోజులు చాలన్నారు. అయితే జీవితకాలంలో గరిష్ఠంగా 90 రోజులకే ఇది అందుతుంది. ఈఎస్ఐ వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు కాబట్టి హైదరాబాద్ మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎక్కువమంది దీని పరిధిలో లేరు. జీడిమెట్ల, పాశమైలారం వంటి పారిశ్రామిక వాడల్లో ఆ పరిమితికి లోబడిన కార్మికులు ఉన్నారు. ఆరంభంలో అడిగిన స్టాంపు పేపరు అఫిడవిట్‌ను 2020 నవంబరులో తొలగించి, కాగితాల నకళ్లు ఆన్‌లైన్‌లో పెడితే చాలనడం మెచ్చుకోదగిన మార్పు.

అయినా అమెరికా అనుభవం ఎత్తిచూపిన రెండో నిర్ణయం ఇక్కడా ఉంది. దుష్ప్రవర్తన వల్ల తొలగింపునకు గురైనవారికీ, వయసు రీత్యా లేదా స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసినవారికీ ఈ పథకం వర్తించదు. కార్మికుడు ఎందుకు పని మానాడన్నది మొదట నమోదయ్యేది మాత్రం యజమాని నెలనెలా దాఖలు చేసే చందా వివరాల్లో. అందులో ‘ఉద్యోగం వదిలివెళ్లాడు’ అన్న కోడ్‌కూ ‘తొలగింపు’ అన్న కోడ్‌కూ తేడా ఉంది, కాంట్రాక్టరు గుమాస్తా ఏది నొక్కాడన్నది కార్మికుడి చేతిలో లేదు. దరఖాస్తు పెట్టిన రోజే ఆ కోడ్‌ను, చందా నమోదైన రోజుల సంఖ్యను, దరఖాస్తు ఏ బ్రాంచి కార్యాలయంలో ఏ తనిఖీ కోసం ఆగిందన్న సంగతిని అతని ఫోన్‌కు తెలుగులో పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, సంస్థ దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారం సరిపోతుంది. తన మీద తప్పు కోడ్ పడిందని ఆ రోజే తెలిసిన కార్మికుడు మర్నాడు బ్రాంచి మేనేజరు ముందుకు నియామక పత్రంతో, హాజరు కార్డుతో, ఆఖరి జీతం చీటీతో వెళ్లగలడు. మూడు నెలల తర్వాత తెలిస్తే అప్పటికి ఆ కాంట్రాక్టరు మరో ఫ్యాక్టరీకి మారిపోయి ఉంటాడు.